అమ్మమ్మ కొన్న ఇత్తడి గిన్నె

పాత సామాన్ల కొట్టులో ఇత్తడికి ఒకటే రేటు. విరిగిన కుళాయి అయినా, వంకరపోయిన తలుపు గడియ అయినా, ఏ అజ్జరం పనివాడో సుత్తితో ఓపిగ్గా కొట్టి తీర్చిన గిన్నె అయినా త్రాసులో పడ్డాక కిలో లెక్కే. కొత్త సామాను కొంటే లోహం ధర మీద మజూరీ పడుతుంది. పాతదాని ధరలో మజూరీ ఉండదు. పనితనం ఊరికే వస్తుంది. తణుకులో ఉండే మా అమ్మమ్మకి ఈ లెక్క బాగా తెలుసు. సాయంత్రం కూరలకని బయల్దేరి, కూరల సంచీ అడుగున ఒక మసిబారిన గిన్నెతో ఇంటికి రావడం ఆవిడకి ఇష్టమైన పనుల్లో ఒకటి.

ఆ గిన్నెలు అక్కడికి ఎలా చేరాయో అందరికీ తెలిసిందే. 1970, 80లలో స్టీలు సామాను ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు, తోమక్కర్లేదు, కళాయి అక్కర్లేదు అని అందరూ మురిసిపోయారు. ఇత్తడి బిందెలూ గంగాళాలూ కొన్ని మార్పిడి కింద వెళ్ళిపోయాయి. కొన్ని అటక ఎక్కాయి. ఇప్పుడు పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటే అటకల మీద ఉన్నవి కూడా కిందికి దిగుతున్నాయి. కొట్టులో కొన్నాళ్ళుండి కరిగిపోవడానికి వెళ్తాయి. అమ్మమ్మ వెతుకులాట అంతా ఆ మధ్యలో దొరికే వ్యవధిలోనే.

ఆవిడ ఒక గిన్నెని చూసే పద్ధతిని పక్కన నిలబడి గమనిస్తే దానికొక వరస ఉందని తెలుస్తుంది. ముందు చేతిలో పెట్టుకుని బరువు చూస్తుంది. అంత గిన్నెకి ఇంత బరువుండాలని చేతికొక అంచనా ఉంది. బరువు తక్కువైతే అది రేకుని అచ్చులో నొక్కి చేసిందై ఉంటుంది. తరవాత వేలి కణుపుతో కొడుతుంది. పగులు లేని గిన్నె ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. కంటికి కనబడనంత సన్నటి నెర్రె ఉన్నా మోత వెంటనే తెగిపోతుంది. ఆ తరవాత లోపలి నుంచి బొటనవేలితో అడుగుని నొక్కి చూస్తుంది. ఏళ్ళ తరబడి ఇసకా బూడిదా వేసి తోమితే ఇత్తడి ముందు అరిగేది అడుగు మూలలోనే, అంటే అడుగూ గోడా కలిసే మలుపులో. అక్కడ ఏ మాత్రం లొత్త పడినా గిన్నె కింద పెట్టేస్తుంది.

రంగు చూడ్డం అన్నిటికన్నా సూక్ష్మమైన పని. నల్లగా ఉంటే ఆవిడకి బెంగ లేదు. నలుపు తోమితే పోతుంది. గులాబీ రంగు మచ్చలుంటే మాత్రం తీసుకోదు. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన మిశ్రమం. పులుపో ఉప్పునీళ్ళో చాలాకాలం నిలవుంటే అందులోని జింకు మెల్లిగా కరిగిపోయి, బోలుబోలుగా రాగి మాత్రం మిగులుతుంది. ఆ మచ్చ రాగి రంగే. చూడ్డానికి గోడ మందం తగ్గదు, కానీ బలం పోతుంది; ఒకనాడు అక్కడే చిల్లు పడుతుంది. అమ్మమ్మ జింకు పేరు ఎత్తదు. “ఎర్రబడ్డది చచ్చిన ఇత్తడే, దానికి వైద్యం లేదు” అంటుంది. రెండు మాటలకీ అర్థం ఒకటే.

నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్న గిన్నె రెండు కిలోలకి కొంచెం తక్కువ బరువుంటుంది. అడుగు గుండ్రం, పొట్ట వెడల్పు, మెడ దగ్గర సన్నబడి, అంచు మళ్ళీ బయటికి విచ్చుకుంటుంది. దీని పొట్ట మీద వేలు పెట్టి నిమిరితే చిన్నచిన్న పల్లాలు తగులుతాయి. అవి సుత్తి దెబ్బలు. ఒక్కో దెబ్బ గుర్తు పక్క గుర్తు మీదికి కొద్దిగా ఎక్కి, అడుగు నుంచి మెడ దాకా వలయాలు వలయాలుగా సాగుతుంది. ఇది అలంకారం కోసం చేసింది కాదు. ఇత్తడిని కొట్టినకొద్దీ గట్టిపడుతుంది. మరీ గట్టిపడితే పగులుతుంది కనక పనివాడు మధ్యమధ్య దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరుస్తాడు, మళ్ళీ కొడతాడు. ఆకారం వచ్చాక ఆఖరిసారి కొట్టినప్పుడు మాత్రం కాల్చడు. ఆ దెబ్బల వల్ల వచ్చిన గట్టిదనం గిన్నెలో ఉండిపోతుంది. అందుకే అంత పల్చటి గోడ కూడా కిందపడితే సొట్ట పడకుండా తట్టుకుంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వదిలితే అక్కడ మెత్తగా ఉండిపోతుంది. ఈ గిన్నెలో అలాంటి ఖాళీ నాకు ఎక్కడా కనబడలేదు.

మెడ కింద చుక్కలు చుక్కలుగా పొడిచిన పేరొకటి ఉంది. మన ఇళ్ళల్లో పెళ్ళికి పెట్టే సామాను మీద పేర్లు కొట్టించడం మామూలే. ఎవరి పెళ్ళిదో తెలీదు. చివరి అక్షరాలు తోమితోమి అరిగిపోయాయి. కొట్టతను “మామ్మగారూ, ఆకురాయి పెట్టి తీసెయ్యనా?” అనడిగాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. “ఆవిడ బాగా వాడుకుంది బాబూ, పేరుంటే మనకేం అడ్డం?” అని అలాగే తెచ్చుకుంది.

ఇంటికొచ్చాక చింతపండు పని మొదలైంది. నానబెట్టిన చింతపండు పిప్పిలో కాస్త రాతి ఉప్పు కలిపి గిన్నెకి పట్టించింది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీద పేరుకున్న నలుపుని కరిగిస్తుంది. ఉప్పు ఆ పనికి ఊతం ఇస్తుంది, గరుకుగా ఉండి రుద్దడానికీ పనికొస్తుంది. చూస్తుండగానే నల్లటి పొర కింద నుంచి పచ్చటి ఇత్తడి బయటపడుతుంది. అయితే పట్టించి వదిలెయ్యకూడదు. నలుపు పోయిన వెంటనే కడిగేసి పొడిగుడ్డతో తుడవాలి. ఆలస్యమైతే ఇందాక చెప్పిన గులాబీ మచ్చలకి మన చేతులతో మనమే నారు పోసినట్టు.

ఇక్కడే ఒక చిక్కుంది. గిన్నెని శుభ్రం చేసే ఈ పులుపే వంటలో ఉంటే రాగిని కరిగించి తనలో కలుపుకుంటుంది. దాన్నే మనం చిలుమెక్కింది అంటాం. చారో, పులుసో, మజ్జిగో కళాయి లేని ఇత్తడిలో కాసేపు ఉంటే చాలు, రుచి మారి వెగటు పుడుతుంది. తింటే వాంతులు పట్టుకుంటాయి. మన వంటలో పులుపు లేని పూట తక్కువ. కాబట్టి ఇత్తడికీ పులుపుకీ మధ్య ఒక తెర కావాలి. ఆ తెర తగరం.

సంక్రాంతి ముందు మా వీధి చివరికి కళాయి వేసే సాయిబుగారు వస్తారు. నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, పక్కనుంచి గొట్టం పెట్టి గాలి ఊదుతారు. వెనకటి తోలు తిత్తి స్థానంలో ఇప్పుడు చేత్తో తిప్పే పంకా వచ్చింది. ఆయన పెట్టె తెరవగానే అమ్మమ్మ ముందు తగరం పుల్ల తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని వంచుతుంది. మేలిమి తగరం వంగేటప్పుడు కిర్రుమంటుంది. లోపలి స్ఫటికాలు ఒక్కసారిగా పక్కకి ఒరగడం వల్ల వచ్చే చప్పుడది. సీసం కలిస్తే ఆ చప్పుడు సన్నగిల్లుతుంది, కలిపినకొద్దీ వినబడకుండా పోతుంది. ఆ తరవాత పుల్లని కాగితం మీద గీసి చూస్తుంది. సీసం ఎక్కువుంటే బూడిద రంగు గీత పడుతుంది. సీసం చవక, అది కలిసిన తగరం ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, పైకి మెరుస్తుంది కూడా. కానీ అన్నంలో కలిస్తే విషం, పసిపిల్లలకి మరీను. “మీరు చూడకుండా నేను గుంట తవ్వుతానా మామ్మగారూ” అంటారు సాయిబుగారు. ఆయన సరుకెప్పుడూ మంచిదే. అయినా ఆవిడ ఏటా చూస్తుంది, ఆయన ఏటా చూడనిస్తారు.

కళాయి పనిలో అసలు కష్టం వేడి దగ్గరుంది. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. గిన్నె అంతకన్నా కాస్త ఎక్కువ వేడెక్కాలి, మరీ ఎక్కువ కాకూడదు. తక్కువైతే తగరం గింజలు గింజలుగా పూస కడుతుంది. ఎక్కువైతే గాలి తగిలి పసుపురంగుకి తిరిగి మెరుపు పోతుంది. సాయిబుగారి దగ్గర వేడి కొలిచే పరికరం ఏదీ లేదు. పట్టకారుతో గిన్నెని బొగ్గుల మీద తిప్పుతూ, చిటికెడు నవాసాగరం లోపల చల్లి చూస్తారు. తెల్లటి పొగ ఒక్క ఊపున పైకి లేస్తే అదను వచ్చినట్టు.

ఆ నవాసాగరం పొగ వేడి చెప్పడానికి మాత్రమే కాదు, ఇంకా పెద్ద పని చేస్తుంది. దాని శాస్త్రీయ నామం అమోనియం క్లోరైడు. వేడికి అది అమోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోతుంది. ఎంత తోమిన ఇత్తడి అయినా నిప్పు మీద పెట్టగానే గాలి తగిలి మళ్ళీ సన్నటి ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర ఉంటే తగరం అంటుకోదు. హైడ్రోజన్ క్లోరైడు ఆ పొరని అక్కడికక్కడ తినేస్తుంది. నిమిషం ముందు కడిగినా లాభం లేదు, తగరం తగిలే క్షణంలోనే లోహం శుభ్రమవ్వాలి. ఈ సంగతి రసాయన శాస్త్రం పుస్తకాలకి ఎక్కకముందే కళాయి వేసేవాళ్ళ చేతుల్లో ఉంది. అది తెలిశాక ఆ ఘాటైన పొగని చూసి ముక్కు మూసుకోవడం మానేసి దగ్గరికి జరిగి చూశాను.

పొగ లేచిన వెంటనే తగరం పుల్లతో లోపల రెండు చోట్ల తాకిస్తారు. అది నీళ్ళలా జారుతుంది. దూది ఉండని నవాసాగరం పొడిలో అద్ది, అడుగు నుంచి పైకి, గుండ్రంగా, ఆగకుండా తుడుస్తారు. చెయ్యి వెళ్ళిన మేరకల్లా పచ్చదనం మాయమై వెండిలాంటి తెలుపు పరుచుకుంటుంది. మెడ దగ్గర గిన్నె సన్నబడింది కనక అక్కడ వేడి వేరు. గిన్నెని వంచి ఆ భాగాన్ని మళ్ళీ బొగ్గుల మీదికి తెచ్చి, అక్కడ మాత్రం ఇంకోసారి తుడిచారు. చివర నీళ్ళలో ముంచారు. చుయ్యిమంది, అయిపోయింది. ఆ పూత వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా రంగు వేసినట్టు పైపైన ఉండేది కాదు. కలిసిన చోట తగరమూ రాగీ ఒకదాన్లోకి ఒకటి చొరబడి సన్నటి మిశ్రమ పొర ఏర్పడుతుంది. అందుకే కళాయి పొలుసుగా లేచి రాదు. అరగాలే తప్ప ఊడదు.

ఇప్పుడు వంట సంగతి. అమ్మమ్మ వంటలో కొన్ని అలవాట్లు చాదస్తంలా కనబడేవి. కళాయి తెలిశాక అవన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. గిన్నెలో నీళ్ళు పోశాకే పొయ్యి వెలిగిస్తుంది. నీళ్ళున్నంతసేపూ గిన్నె లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. 232కి చాలా దూరం. ఒట్టి గిన్నె మంట మీద ఉంటే కాసేపట్లోనే ఆ గీత దాటి తగరం కరిగిపోతుంది. అలాగే ఈ గిన్నెలో పోపు పెట్టదు. ఆవాలు చిటపటలాడి మిరపకాయ రంగు తిరిగేదాకా నెయ్యి కాగాలంటే ఆ వేడి తగరానికి ప్రమాదకరం. అందుకని పోపు విడిగా ఇనప గరిటెలో వేయించి, ఆ గరిటెని చారులో ముంచుతుంది. ఇత్తడి వంటకీ పోపు గరిటెకీ ఉన్న చుట్టరికం ఇదే.

చారు ఆవిడ పెట్టే తీరు చెప్పాలి. చింతపండు పిసికి, పిప్పి తీసి, పల్చటి రసంలో ఉప్పు, పసుపు, కరివేపాకు, చిన్న బెల్లం ముక్క వేసి పొయ్యి మీద పెడుతుంది. పులుపు పచ్చివాసన పోయేదాకా మరగాలి. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కాస్త కందిపప్పు దోరగా వేయించి దంచిన పొడి అప్పుడే వెయ్యదు. ముందే వేస్తే మిరియం వాసనంతా ఆవిరితో పోతుంది. పచ్చివాసన పోయాక పొడి వేసి, కొత్తిమీర చల్లి, నురగ పైకి లేచి గిన్నె మెడ దాకా రాగానే దించేస్తుంది. మెడ సన్నం కనక నురగ అక్కడ చిక్కగా కూడి ఒక మూతలా నిలుస్తుంది. వాసన లోపలే ఉంటుంది. అంచు బయటికి విచ్చుకుంది కనక మసిగుడ్డతో పట్టుకోవడానికి వేళ్ళకి ఆధారం దొరుకుతుంది. ఇత్తడి వేడిని స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా సుమారు ఏడెనిమిది రెట్లు బాగా పాకనిస్తుంది. మంట ఒక్కచోట తగిలినా గిన్నె అంతా ఒకేలా కాగుతుంది. పాలు పోసినా, పరమాన్నం వండినా అడుగంటడం అరుదు.

గుండ్రటి అడుగు వల్ల వచ్చిన సుఖం భోజనాల దగ్గర తెలుస్తుంది. చారుపొడి జారి నడిమధ్యకి చేరి కూర్చుంటుంది. తాతయ్యకి పైతేట ఇష్టం. అమ్మమ్మ గరిటెని గోడ వారగా, కదపకుండా ముంచుతుంది. పిల్లలకి అడుగు చారు కావాలి. గరిటె మధ్యలోకి దిగుతుంది. ఒకే గిన్నె, రెండు చార్లు. పండగలకి అందరం చేరినప్పుడు ఎవరికి ఎక్కడ ముంచాలో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆలస్యంగా వచ్చిన మావయ్యకి కూడా చారు వెచ్చగానే ఉంటుంది, అంత బరువైన గిన్నె అంత త్వరగా చల్లారదు కనక. ఆవిడ సంతోషం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ వడ్డన చూపిస్తాను.

ఇత్తడి ఒక్కటే కాదు, జాడీలంటే కూడా అమ్మమ్మకి మోజు. పాత జాడీలో నెర్రె ఉందేమో తెలుసుకోవడానికి చిక్కటి ఉప్పునీళ్ళు పోసి కొన్ని రోజులు వదిలేస్తుంది. ఎక్కడైనా చెమ్మ ఊరితే నీరు ఆరిపోయి బయట తెల్లటి ఉప్పు గీత మిగులుతుంది. మంచినీళ్ళు పోస్తే ఆ చెమ్మ జాడ లేకుండా ఆరిపోతుంది. గీత పడకపోతే ఆ వేసవికి ఆవకాయ అందులోకి వెళ్తుంది. పైన అంచు కింద ఉన్న గాడి వాసెన గుడ్డ జారకుండా తాడు బిగించడానికి. గీత పడ్డ జాడీలో బియ్యమో చింతపండో పోస్తుంది. పారెయ్యడం ఆవిడ చేతికి రాదు.

ఇత్తడి గిన్నె ఇప్పుడు హైదరాబాదులో ఉంది. మా పిన్ని కూతురు ఉద్యోగంలో చేరి విడిగా ఉంటానంటే అమ్మమ్మ దాన్ని చేతికిచ్చి పంపింది. అక్కడ ఇండక్షన్ పొయ్యి. దాని కింది తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం ఇనుము లాంటి లోహంలోనే సరిగ్గా వేడి పుట్టిస్తుంది. ఇత్తడిని ఆ పొయ్యి గుర్తించనే గుర్తించదు. ఫోనులో సంగతి విని అమ్మమ్మ కాసేపు ఆలోచించి, “దోసెల పెనం వేడెక్కుతోందా?” అనడిగింది. వేడెక్కుతోందంది పిల్ల. “అయితే పెనం మీద గిన్నె పెట్టు. మంట తక్కువలో ఉంచు. నీళ్ళు పోశాకే మీట నొక్కు, మీట ఆర్పాకే గిన్నె దించు.” ఇనప పెనం వేడెక్కి, ఆ వేడిని ఇత్తడికి అందించింది. గిన్నె అడుగు గుండ్రం కావడంతో పెనం గుంట కూడా దానికి సరిపోయింది. ఉత్త నీళ్ళు కాగడానికి ఆలస్యమవుతుంది కానీ చారుకి ఆ నెమ్మదే బాగుందట.

కళాయి ఎంత మిగిలిందో చూసుకోవడానికి గిన్నె లోపల ఫోటో తీసి పంపమంటుంది అమ్మమ్మ. మొన్న ఒకటి వచ్చింది. తెర మీద వేళ్ళతో పెద్దది చేసి అటూ ఇటూ జరిపి చూసింది. అడుగు తెల్లగా ఉంది, పొట్ట తెల్లగా ఉంది. మెడ దగ్గర ఒక్కచోట, అర్ధచంద్రం ఆకారంలో, పసుపు తొంగి చూస్తోంది. వెంటనే ఫోను చేసింది.

“అమ్మడూ, స్టీలు గరిటె గిన్నెలోనే వదిలేసి మూత పెడుతున్నావా?”

అవతల కాసేపు మాట లేదు. “నీకెలా తెలిసింది అమ్మమ్మా?” అంది పిల్ల.

“మూత గరిటెని నొక్కుతోంది, గరిటె మెడని గీరుతోంది. అట్లకాడలు అమ్మేచోట కొబ్బరిచిప్ప గరిటె దొరుకుతుంది, ఒకటి కొనుక్కో. సంక్రాంతికి వచ్చేటప్పుడు గిన్నె తీసుకురా, సాయిబుగారికి ముందే చెప్పి ఉంచుతాను.”